ఉతుకు యంత్రమునకు మన చేనేత బట్ట జడియవలెనా?

మనము నేసిన బట్ట ఒకప్పుడు ఏటి రేవునకో, చెరువు గట్టునకో పోయెడిది. రజక సోదరులు చవుటి మట్టి కలిపి ఉబ్బ వేసి, బండ మీద బాది, పారు నీటిలో జాడించి తెచ్చెడివారు. ఆ దెబ్బకు బట్ట ఎంతకాలము నిలిచెనో నేతగాని పేరు కూడ అంతకాలము నిలిచెడిది. ఇప్పుడు ఉతుకు యంత్రములు వచ్చినవి. షోలాపురములోను, భీవండిలోను, సేలములోను, దొడ్డబళ్ళాపురములోను, బరంపురములోను, యానాములోను మన వారి ఇండ్లలోకే అవి వచ్చుచున్నవి. ఇక పట్టణములలో మన బట్ట కొనువారి సంగతి చెప్పనక్కరలేదు.

అందుచేత అమ్మకపు డిపోలలో ఈ నాడు తరచుగా వినవచ్చు ప్రశ్న ఒకటి ఉన్నది. "ఇది మెషీనులో వేయవచ్చునా?" అని అడుగుదురు. ఎందుకు వచ్చిన గొడవ అని మన వారు కొందరు, "వద్దండి, డ్రై క్లీనింగుకే ఇవ్వండి" అందురు. ఆ మాట వినిన గృహిణి మూడు నాలుగు వందల రూపాయల తువ్వాళ్ళకో దుప్పటికో ప్రతిసారి అంత ఖర్చు ఎక్కడ పెట్టగలదు? బట్ట బల్ల మీద పెట్టి మిల్లు బట్ట కొనుక్కొని పోవును. మరి కొందరు, "నిక్షేపముగా వేయండి" అందురు. పదిహేను రోజులకు ఆ చీర ఎర్రని అంచు రంగు తెల్లని ఒంటికి పట్టించుకొని డిపోకు తిరిగి వచ్చును. మొదటి జవాబు వలన బేరము పోవును, రెండవ జవాబు వలన పరువు పోవును. 2019–20 నాటి నాలుగవ చేనేత గణనలో 31 లక్షలకు పైబడిన కుటుంబములు ఈ వృత్తిలో ఉన్నట్లు తేలినది. ఇన్ని కుటుంబముల అన్నము కొనువారి నమ్మకము మీద ఆధారపడి యుండగా, ఈ ప్రశ్నకు నిజమైన జవాబు నేతగానికి, అద్దకమువానికి, డిపో గుమాస్తాకు, మన ఇంటి ఆడవారికి కూడ తెలిసియుండుట అవసరమని మేము తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

యంత్రము బట్టను ఏమి చేయును?

ఇండ్లలో కనిపించు యంత్రములు మూడు రకములు. మొదటిది రెండు తొట్ల యంత్రము. ఒక తొట్టిలో ఉతుకుట, రెండవ తొట్టిలో తిప్పి నీరు పిండుట జరుగును. నీరు పోయుట, బట్ట మార్చుట మన చేతి పని. రెండవది పై మూత యంత్రము. అడుగున ఉన్న చక్రము తిరిగి నీటిని సుడి చేయును, ఆ సుడిలో బట్టలు ఒకదానితో ఒకటి రాసుకొనును. మూడవది ముందు తలుపు యంత్రము. దీనిలో పీపా అడ్డముగా తిరుగుచు బట్టను పైకెత్తి క్రిందకు జారవిడుచును. ఇది నీరు తక్కువ తీసుకొనును, బట్ట రాపిడి కూడ తక్కువ. కాని పిండునప్పుడు నిమిషమునకు 1000 చుట్లకు మించి తిరుగగలదు.

బండ మీద బాదుటతో పోల్చిన యంత్రము కర్కశమైనది కాదు. నూలు పోగు తడిసినప్పుడు పొడిగా ఉన్నప్పటి కంటె బలము పుంజుకొనును. కావుననే మన నూలు బట్ట తరతరములుగా బండ దెబ్బలకు ఓర్చినది. పట్టు అట్లు కాదు, తడిసిన కొంత బలము తగ్గును. ఆర్టు సిల్కు అని మనము వాడు విస్కోసు పోగు తడిసిన సుమారు సగము బలము కోల్పోవును. యంత్రములో ఏది వేయవచ్చును, ఏది వేయరాదు అనుటకు మూల సూత్రము ఇదే.

బండకు, యంత్రమునకు అసలైన భేదము మరియొక చోట ఉన్నది. పారు నీటిలో జాడించినప్పుడు విడిన రంగు నీటి వెంట పోవును. తొట్టిలో విడిన రంగు అక్కడే ఉండి, అరగంట సేపు అదే నీటిలో తిరుగుచు, ప్రక్కనున్న తెల్ల బట్టకో, ఆ చీర ఒంటికో పట్టుకొనును. ఏటిలో బయటపడని అద్దకపు లోపమును యంత్రము బయటపెట్టుచున్నది. నింద యంత్రము మీద వేసి లాభము లేదు.

సముద్రము దాటిన ఒక పాఠము

ఇది క్రొత్తగా వచ్చిన చిక్కు కాదు. 1950ల చివర నుండి 1960లలో చెన్నపట్టణము పరిసరములలో మగ్గముల మీద నేసిన గళ్ళ నూలు గుడ్డ అమెరికా దేశములో విరివిగా అమ్ముడైనది. అక్కడి వారు ఆ గుడ్డతో కుట్టిన చొక్కాలను ఇంటి యంత్రములలో వేసిరి. రంగులు కరగి ఒకదానిలో ఒకటి కలిసిపోయినవి. అక్కడి వర్తకులు గడుసువారు, ఆ లోపమునే గొప్పగా చాటి, "రంగు కరుగుట ఖాయము, ప్రతి ఉతుకులో క్రొత్త అందము" అను ధోరణిలో ప్రకటనలు చేసి కొన్నాళ్ళు అమ్ముకొనిరి. ఆ మోజు ఆ దశాబ్దముతోనే తగ్గిపోయినది. లోపమును మాటలతో కప్పి అమ్ముకొనుట కొన్నాళ్ళ ముచ్చట. ఉతుకుటకు నిలిచిన బట్టను మాత్రమే కొనువాడు రెండవసారి అడుగును.

రంగు ఎందుకు విడుచును?

మన అద్దకపు పనిలో వాడుకలో ఉన్న రంగుల గుణములు వేరు వేరు. డైరెక్టు రంగులు చౌక, అద్దుట సులభము. ఉప్పు వేసి కాచిన చాలును. కాని అవి పోగును గట్టిగా పట్టవు, నీటికి విడుచును. వ్యాటు రంగులు కాస్టిక్ సోడా, హైడ్రోసులతో కరగి పోగులోనికి పోయి, గాలి తగలగానే మరల కరగని స్థితికి వచ్చును. కావున ఉతుకునకు అవి మిక్కిలి గట్టివి. నాఫ్తాలు రంగులు ఎరుపు, మెరూను వన్నెలకు పేరుపడినవి. అవి నీటికి నిలుచును గాని, పైపైన అంటుకొనిన రంగును సబ్బుతో పోగొట్టనియెడల రాపిడికి ఊడును. 1956లో వెలువడిన ప్రోసియాన్ మొదలుగా గల రియాక్టివ్ రంగులు నూలు పోగుతో రసాయనికముగా కలిసిపోవును. కాని అద్దునప్పుడు కొంత రంగు పోగుతో కలియక నీటితోనే కలిసి చెడిపోయి పోగును ఊరక అంటుకొని యుండును. దానిని వేడి సబ్బు నీటిలో కాచి తీసివేయవలెను.

ఇందులో మర్మమంతయు ఆ చివరి కాపులో ఉన్నది. వంట చెరకు ఖర్చు, నీటి ఎద్దడి, పని తొందర, వీటిలో ఏదో యొక కారణమున సబ్బు కాపు ఎగవేసినచో చిలప చూచుటకు మెరయుచునే ఉండును. నేసినప్పుడు తెలియదు, మడత పెట్టినప్పుడు తెలియదు. కొన్న ఇల్లాలి యంత్రములో తెలియును. అద్దకపు బానలో చేయవలసిన కాపును ఆమె తొట్టిలో చేయించుట ఏమి న్యాయము?

క్రొత్త బట్టను రాళ్ళ ఉప్పు నీటిలో నానవేసిన రంగు గట్టిపడునని మన ఇండ్లలో ఒక నమ్మకము ఉన్నది. అద్దకపు బానలో ఉప్పు రంగును పోగు వైపునకు తరిమి పట్టించును, అది నిజము. అద్దకము ముగిసిన బట్టకు ఉప్పు నీరు శాశ్వతమైన గట్టిదనము ఇయ్యదు. ఆ పూటకు కొంచెము తగ్గినట్లు కనిపించి తరువాతి ఉతుకులో మరల విడుచును. కొనువారికి ఈ చిట్కా చెప్పి పంపుట కంటె సబ్బు కాపు సక్రమముగా చేయుట మేలు.

రంగుల విషయమున మరియొక మాట. ఒంటికి హాని చేయు కొన్ని అజో రంగులను మన ప్రభుత్వము 1997లో నిషేధించినది. చౌకగా దొరికెనని పేరు లేని పొట్లములు కొనరాదు.

సంఘములో చేయదగిన రెండు పరీక్షలు

ఈ పరీక్షలకు ప్రయోగశాల అక్కరలేదు. అద్దిన ప్రతి బాన నుండి కొన్ని పోగులు తీసి, తెల్లని నూలు పోగులతో కలిపి జడ వలె అల్లవలెను. లీటరు నీటికి 5 గ్రాముల సబ్బు కరగించి, 40 డిగ్రీల వేడిలో, అనగా చేయి పెట్టి ఓర్చుకొనగల వేడిలో, అరగంట కదల్చి, జాడించి, నీడను ఆరవేయవలెను. తెల్ల పోగునకు రంగు అంటినచో ఆ బాన మరల సబ్బు కాపునకు పోవలెను. ప్రయోగశాలలలో ఈ అంటుడును 1 నుండి 5 వరకు అంకెలతో కొలుతురు. 5 అనగా ఏమియు అంటలేదని అర్థము.

రెండవది ముడుచుకొనుటను చూచు పరీక్ష. మగ్గము మీద పడుగు బిగువుగా లాగబడి యుండును. మొదటి ఉతుకులో ఆ బిగువు సడలి, గంజి పోయి, బట్ట కురచ అగును. తానులో ఒక మూల 50 సెంటీమీటర్ల చదరము గుర్తు పెట్టి, ఉతికి ఆరవేసి మరల కొలిచిన, ఒక్కొక్క సెంటీమీటరు తగ్గుదలకు నూటికి రెండు వంతులు ముడుచుకొనినదని లెక్క. చొక్కా గుడ్డ, జాకెట్టు గుడ్డ అమ్మునప్పుడు ఈ లెక్క చెప్పి అమ్మవలెను.

అద్దకములో సందేహములు ఉన్నవారికి వీవర్స్ సర్వీసు సెంటర్లు ఉన్నవి. బెంగుళూరు, చెన్నై, కాంచీపురము, సేలము, ముంబయి, భువనేశ్వరములలో ఇవి పని చేయుచున్నవి.

యంత్రములో వేయుటకు ముందు

కొనువారికి చెప్పుటకును, మన ఇండ్లలో పాటించుటకును పద్ధతి ఒక్కటే.

క్రొత్త రంగు బట్టను మొదటి రెండు మూడు సార్లు చేతితో, విడిగా, చన్నీళ్ళలో ఉతుకవలెను. తరువాత తెల్ల గుడ్డ ముక్కను తడిపి, చీర లోపలి మూల మీద గట్టిగా రుద్ది చూడవలెను. ముక్కకు రంగు అంటనిచో యంత్రములో వేయవచ్చును.

బట్టలను నాలుగు కుప్పలుగా విడదీయవలెను: తెల్లవి, లేత రంగులవి, ముదురు రంగులవి, దుప్పటి తువ్వాళ్ళ వంటి బరువైనవి. బరువైన దుప్పటితో పలుచని చీరను కలిపిన చీర నలిగిపోవును. తువ్వాలు నుండి రాలు నూగు ముదురు చీరకు పట్టుకొనును.

పిన్నులు, కొక్కెములు, జేబులలోని చిల్లర తీసివేయవలెను. ఒక్క కొక్కెము చాలును నూరవ నంబరు చీరలో పోగు లాగుటకు. కొంగు కుచ్చులు ముడివేసియున్నవో లేదో చూచి, చీరను నాలుగు మడతలు వేసి వల సంచిలో పెట్టి వేయవలెను. విడిగా వేసిన ఆరు గజముల చీర త్రాడు వలె పురిపడి ఇతర బట్టలను చుట్టుకొనును. చిరుగు, ఊడిన అంచు ఉన్నచో ముందే కుట్టవలెను. సూది మొన యంత చిల్లు యంత్రములో అరచేయి యంత అగును.

యంత్రము మీద వ్రాసిన కిలోలు పొడి బట్ట బరువు. పీపాలో మూడింట రెండు వంతులు నింపి పైన ఖాళీ విడువవలెను. కుక్కిన బట్టకు నీరు అందదు, మురికి పోదు, మడతల గీతలు మిగులును.

ఉతుకునప్పుడు

నీరు చల్లనిది గాని, 30 డిగ్రీలకు మించని గోరువెచ్చనిది గాని ఉండవలెను. మెల్లగా ఉతుకు ఏర్పాటు ఉన్నచో దానినే పెట్టవలెను. పిండుడు తగ్గించుకొను వీలు ఉన్నచో 400 నుండి 600 చుట్లు చాలును. రెండు తొట్ల యంత్రములో పిండుడు ఒక నిమిషము దాటనీయరాదు.

పొడి ఎక్కువ వేసిన బట్ట ఎక్కువ తెలుపు అగుననుట భ్రమ. మిగిలిన పొడి పోగుల నడుమ చేరి బట్టను గరుకు చేయును. బోరు నీరు వాడు చోట్ల నీటిలోని సున్నపు లవణములు సబ్బుతో కలిసి తెల్లని తెట్టె కట్టును, ముదురు రంగు బట్టల మీద అది బూడిద చారలుగా కనిపించును. అట్టి చోట సబ్బు కంటె డిటర్జెంటు మేలు, ఒకసారి ఎక్కువగా జాడించుట ఇంకను మేలు. ముందు తలుపు యంత్రమునకు నురుగు తక్కువ వచ్చు పొడినే వాడవలెను.

తెలుపునిచ్చు బ్లీచింగు ద్రవము రంగు బట్టకు పనికిరాదు. కొన్ని పొడులలో తెల్లని తళుకు నిచ్చు పదార్థములు కలుపుదురు. అవి కోరా నూలు సహజమైన వన్నెను నీలి తెలుపుగా మార్చివేయును. కోరా బట్ట కొన్నవారికి ఈ సంగతి చెప్పవలెను.

యంత్రము ఆగగానే బట్ట తీసి, విదిలించి, అంచులు సరిచేసి లాగి, తిరగవేసి నీడను ఆరవేయవలెను. తడి బట్టను రాత్రంతయు తొట్టిలో ఉంచినచో గట్టి రంగు కూడ మచ్చ పెట్టును. గంజి యంత్రములో పెట్టకుండుట మంచిది. విడిగా బేసినులో పలుచని అన్నపు గంజిలో ముంచి తీసిన చీర నిలబడును, యంత్రము గొట్టములు జిగురు పట్టవు.

వేయరానివి

పట్టు, జరీ అంచు చీరలు, విస్కోసు కలిసినవి, బుటాల వెనుక వదులు పోగులు ఉన్న జందానీ వంటి నేతలు యంత్రమునకు పనికిరావు. పట్టు పోగు మాంసకృత్తుతో ఏర్పడినది. మురికిని కరగించుటకు కొన్ని పొడులలో కలుపు ఎంజైములు ఆ పోగునే తినివేయును. జరీ మీది పూత రాపిడికి అరిగి లోని రాగి తేలును. అట్టి చీరలకు కుంకుడు రసము, చన్నీళ్ళు, మెత్తని చేయి చాలును. బరంపురము పట్టు అయినను, కంచి పట్టు అయినను మాట ఒక్కటే. ఇక్కడ "వేయకండి" అని గట్టిగా చెప్పుటయే నిజాయితీ. అట్లు చెప్పినప్పుడే "ఈ నూలు చీర వేయవచ్చును" అను మన మాటను నమ్ముదురు.

మన ఇండ్లలో యంత్రము

నేత ఇంటిలో కండెలు చుట్టుట, పడుగు సరిచేయుట, వంట, ఉతుకుడు అన్నియు ఆడవారి మీదనే పడుచున్నవి. ఒక పూట ఉతుకుడు తగ్గిన ఆ పూట నడుమునకు విశ్రాంతి. అందుచేత యంత్రము కొనుటను ఆడంబరమని ఎగతాళి చేయరాదు. కాని దానిని మగ్గపు గదిలో పెట్టరాదు. నీరు చిందిన పడుగు గంజి పోయి పోగులు తెగును, గుంట మగ్గములో తేమ చేరును. రంగు బానలు కడిగిన నీటిని, అద్దకపు పాత గుడ్డలను యంత్రములోనికి రానీయకూడదు. ఎర్త్ ఉన్న మూడు కాళ్ళ ప్లగ్గు లేకుండ, తడి నేల మీద, పొడిగింపు తీగతో నడిపించుట ప్రాణముతో చెలగాటము. పసిపిల్లలున్న ఇంట పిండు తొట్టి మూత ఎత్తినను తిరుగుచున్నదేమో చూచి బాగు చేయించవలెను.

చీటీ, కూలి

ఇక అందరము తేల్చుకొనవలసిన సంగతులు రెండు.

మొదటిది చీటీ. 2006లో వచ్చిన చేనేత ముద్ర ఆ బట్ట మగ్గము మీద నేసినదని చెప్పును. ఎట్లు ఉతుకవలెనో చెప్పదు. 2015లో వచ్చిన ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండుకు మాత్రము రంగు గట్టిదనము వంటి పరీక్షలు ఉన్నవి. ఆ బ్రాండు లేని బట్టకు కూడ ప్రతి సంఘము ఒక చీటీ కుట్టవచ్చును. నీటి తొట్టి బొమ్మలో 30 అంకె ఉన్న 30 డిగ్రీలని, తొట్టిలో చేయి ఉన్న చేతి ఉతుకని, దాని మీద అడ్డగీతలు ఉన్న ఉతుకరాదని, త్రిభుజము కొట్టివేసి యున్న బ్లీచింగు వాడరాదని లోకమంతట ఒకటే గుర్తులు. వాటి క్రింద కొనువారి భాషలో రెండు పంక్తులు ఉండవలెను. మనము ఇంట తెలుగు మాటలాడుదుము గాని, మన గిరాకీ కన్నడములో, తమిళములో, ఒడియాలో, మరాఠీలో చదువుకొనును. ఆ భాషలు మన పిల్లలకు బడిలో వచ్చినవే, వారి చేత వ్రాయించవచ్చును.

రెండవది కూలి. రంగు కరగిన చీర తిరిగి వచ్చినప్పుడు ఆ నష్టమును నేతగాని కూలిలో కోయు ఆచారము కొన్ని చోట్ల, ఆసాముల వద్దనే గాక సంఘములలో కూడ ఉన్నది. అద్దిన చిలప సంఘము ఇచ్చినది, నేతగాడు నేసినది. పోగు దాటు, అంచు వంకర ఉన్నచో అతనిని అడుగవచ్చును. రంగు విడిచినందుకు అతనిని అడుగుట అన్యాయము. బానకొక గుర్తు సంఖ్య వేసి, జడ పరీక్ష పోగులను పుస్తకములో అంటించి, ఆ సంఖ్యను చీర చీటీ మీద కూడ వ్రాసినచో, తిరిగి వచ్చిన చీర ఏ బానదో క్షణములో తెలియును. ఎవరి కూలిలో కోయవలెను అను జగడము ఉండదు. ఏ బానకు సబ్బు కాపు చాలలేదో తెలిసి పని బాగుపడును.

పై పుస్తకమునకు కావలసినది ఒక నోటుబుక్కు, కొంచెము జిగురు, వారమునకు ఒక గంట. రాబోవు సర్వసభ్య సమావేశములలో ఈ రెండు విషయములను కార్యక్రమములో చేర్పించవలసినదిగా సభ్యులను, పాలకవర్గములను కోరుచున్నాము. చీటీ మీద ఏమి వ్రాయవలెనో స్త్రీ సభ్యులను అడిగి నిర్ణయించుడు. మన ఇంట బట్టలు ఉతుకువారు వారే, కొనువారి ఇంటి కష్టము వారికి బాగుగా తెలియును.